డెబ్బై ఎనిమిది గీతలు

రోజు 1

నోరు మొద్దుబారి ఉంది. మాట్లాడటం కుదరదు, రాయడం కుదురుతుంది.

పొద్దున నా ఎడమ దవడలో కింది దంతం ఒకటి, నిక్షేపంలాంటిది, పీకేశారు. ఆ గుంటలో ఆవగింజంత మొలకను కూర్చోబెట్టి పైన జిగురు పూశారు. పదకొండు నిమిషాల పని. నా పాలపంటి లోపలి గుజ్జు నుంచి తీసిన మొలక అది. నూట ఇరవై రోజుల్లో పూర్తి దంతం కావాలి. కాకపోతే ఇంటికి.

సెల్మార్ దంతవైద్య కళాశాలలో విదేశీయులకు ఆరు సీట్లు. ఈ హాస్టల్లో మేం నలభై ముగ్గురం. భోజనాల గది గోడ మీద కళాశాల నియమం చెక్కి ఉంది. చెవిలో పెట్టుకున్న అనువాద బిళ్ళ దాన్ని నాకు ఇలా చదివి వినిపించింది: "తన నోట దంతము పెంపజాలనివాడు పరుల నోట చేయి పెట్టరాదు." దీనికి తెలుగు నేర్పింది ఏ కాలం నాటి బడిపంతులో మరి.

ఈ లాగ్‌బుక్కు రోజూ రాయాలి. ఎవరి భాషలో వాళ్ళు రాసుకోవచ్చు. తిన్నది, నిద్రపోయింది, జ్వరం, ఏడుపు, అన్నీ. అబద్ధం రాస్తే దొరికిపోతాం, ఎందుకంటే పన్ను కూడా రోజుకో గీత గీసుకుంటుంది. చెట్టు మానులో ఏడాదికో వలయం ఉన్నట్టే. ఒంటికి బాగాలేని రోజు గీత నల్లగా పడుతుంది. చివర్లో ఆ దంతాన్ని తీసి, మనమే పలచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, గీతలకీ రాతకీ పొంతన చూపించాలి. అదే పరీక్ష. అప్పటిదాకా లాగ్‌బుక్కును ఎవరూ తెరవరు.

ఇవాళ ఏడవలేదు. రాశాను.

రోజు 3

నా గదిలో ఉండే అమ్మాయి పేరు సమ్మక్క. ములుగు నుంచి వచ్చింది. పేరు చెప్పిన వెంటనే, "సమ్మి అను చాలు. నన్ను గద్దె మీద కూసోబెట్టకు" అంది. పెట్టె సర్దుకోవడానికి ముందు కిటికీ తెరిచి, సముద్రం మీది చలిగాలి ముఖాన కొట్టగానే మూసేసి, "గిదేం దేశమే, ఫ్రిజ్ తలుపు తీసినట్టున్నది" అంది.

ఈ ఊళ్ళో పిల్లల పాలపళ్ళు పురపాలక కార్యాలయంలో దాస్తారు. జనన ధ్రువపత్రంతో పాటు ఓ చిన్న డబ్బా కూడా ఇస్తారు. మన దగ్గర ఊడిన పంటిని పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేస్తాం. మనవాళ్ళు సగం మంది దరఖాస్తు దగ్గరే ఆగిపోయేది అందుకే.

"నీకెలా దొరికింది?" అని సమ్మిని అడిగాను.

"మా పెంకుటిల్లు విప్పేటప్పుడు మా నాయిన పెంకులన్ని జల్లెడ పట్టిండు. పదమూడు పళ్ళు దొరికినయ్. నావి నాలుగు, మా అన్నయి, మా మేనత్తయి. ఒకటైతే పిల్లిది."

"పిల్లిదని ఎలా తెలిసింది?"

"వరంగల్ల ల్యాబోడు చెప్పిండు. పిల్లి పేరేందో గూడ రాయాల్నా అని అడిగిండు."

నాకున్నది ఒక్కటే పాలపన్ను. ఉన్న ఒక్కదాన్నీ ల్యాబుకిస్తే మొలకకు ఏం మిగలదు. అమ్మ దాన్ని కుంకుమ భరిణెలోంచి తీసి, చుట్టిన దూది విప్పకుండానే నా చేతిలో పెట్టి, "నీదే" అంది. ఏదీ దాచుకునే అలవాటు లేని మనిషి దీన్నెలా దాచిందా అని ఒక్క క్షణం అనిపించింది. దరఖాస్తు గడువు ఇంకో వారమే ఉంది. ఆ క్షణం అలా దాటిపోయింది.

రోజు 9

పులుపు నిషేధం. పులుపు తగిలితే మొలక పైపొర కరుగుతుందట. చింతపండు, నిమ్మకాయ, పెరుగు, టమాటా, అన్నీ బంద్. ఎడమవైపు నమలకూడదు. గట్టిగా పళ్ళు బిగించకూడదు. చల్లవి, వేడివి వద్దు. పొద్దున జావ, మధ్యాహ్నం జావ, సాయంత్రం చేప వేసిన జావ.

సమ్మి పెట్టె అడుగున గోంగూర పచ్చడి సీసా ఉంది. రోజూ భోజనానికి ముందు మూత తీసి ఒకసారి తను, ఒకసారి నేను వాసన చూస్తాం. మళ్ళీ మూత బిగించి చప్పటి జావ తాగుతాం.

"వాసనకు గూడ గీత పడ్తదంటవా?"

"పడితే ఆకుపచ్చగా పడుతుంది."

సమ్మి నవ్వింది. నవ్వుతూ దవడ పట్టుకుంది. నవ్వు కూడా కుడివైపే నవ్వాలిక్కడ.

రోజు 15

వారానికోసారి మా నోళ్ళు చూసే మనిషి ఇర్మా. అరవై ఏళ్ళుంటాయి. చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి. మాట మాత్రం తూకం వేసి ఇస్తుంది. ఇవాళ నా దవడలోకి దీపం వేసి చూసి ఏదో అంది. బిళ్ళ చెప్పింది: "మీ దంతము గట్టిపడ నారంభించినది. నేటి గీత మొదటిది."

మధ్యాహ్నం అమ్మకి కాల్ చేశాను. అక్కడ సాయంత్రం. అమ్మ రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తుంది. మా ఉప్పాడ సముద్రంలోకి పోయాక లోపలికి జరిపి కట్టిన కొత్త ఉప్పాడలో. రొయ్యపిల్లల్ని గిన్నెతో తోడి, తెల్లపళ్ళెంలో పోసి, లెక్కపెట్టి సంచుల్లో నింపాలి. యంత్రాలు వచ్చాయి గానీ ఉప్పునీటికి ఏడాది తిరక్కుండా చెడిపోతాయి. అమ్మ కళ్ళు ఇరవై ఏళ్ళుగా చెడలేదు. పళ్ళెం ముందు ఎప్పుడూ ఇద్దరు కూర్చుంటారు. ఇద్దరూ పైకి లెక్కపెడతారు. ఒకళ్ళ లెక్క లెక్క కాదంటారు.

"గట్టిపడిందంట అమ్మా."

"హమ్మయ్య. ఇదిగో, నాకు ముందు పైవరస మొలిపించాల. కిందివి తర్వాత చూసుకుందాం."

అమ్మకి పైన ఆరు పళ్ళు లేవు. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మా జిల్లా మొత్తంలో పళ్ళు మొలిపించే డాక్టరు ఒక్కరూ లేరు. విశాఖ వెళ్ళినా వరసలో పేరు ఆరేళ్ళకి వస్తుంది. నేను నాలుగేళ్ళలో వచ్చేస్తానని లెక్క చెప్పాను. అమ్మ ఆ లెక్క కూడా రెండుసార్లు వేయించింది.

రోజు 28

అనుభవం కోసం మమ్మల్ని రేవు పక్కన ఉన్న వృద్ధాశ్రమానికి పంపుతున్నారు. ముసలివాళ్ళ పళ్ళు తోమాలి. ఇవాళ ఒక ముసలాయన నోట్లో మూడు వయసుల పళ్ళు చూశాను. సొంతవి పచ్చగా, నలభై ఏట మొలిపించుకున్నవి తెల్లగా, పోయినేటివి పాలలాగా. ఆయన నా వేలిని మెల్లిగా కొరికి, నా మొహం చూసి ముసిముసిగా నవ్వాడు. మా బ్యాచ్‌లో ఒకరి మొలక కుళ్ళిపోయింది. నలభై రెండు మందిమి మిగిలాం.

రోజు 41

మూడు రోజులుగా సలుపు. చిగురు వాచింది. లవంగం అద్దుకున్నాను. రాయకూడదనుకున్నాను, కానీ పన్ను రాసుకుంటుంది కదా.

దంతం బయటికొచ్చింది. నాలుకతో తడిమితే మిగతావాటిలా లేదు. నా దంతాలకు పైన నాలుగు గుట్టలు. దీనికి లోపలివైపు చిన్న అయిదో గుట్ట ఉంది, వడ్లగింజంత. అద్దంలో చూసుకుంటే ఎక్కడో చూసిన పన్నులా అనిపించింది. సాయంత్రానికి గుర్తొచ్చింది. అమ్మ ఊడిన పళ్ళలో ఒకదానికి ఇలాంటిదే ఉండేది. సరే, తల్లి పోలిక.

ఇర్మా చూసి, "మీ దేహము దీనిని అతిథి వలె చూచుచున్నది" అంది. దాని అర్థమేమిటని అడిగాను. వచ్చే వారం మళ్ళీ చూస్తానంది.

రోజు 55

తొంభయ్యో రోజున గుర్తింపు పరీక్ష ఉంటుంది. చిగురుకి ఒక దూదిపుల్ల, పంటికి ఒక దూదిపుల్ల రాసి, రెండూ ఒకే మనిషివని యంత్రం ఒప్పుకోవాలి. మొలక లేతగా ఉన్నప్పుడు గీకితే చచ్చిపోతుంది కాబట్టి అంతదాకా ఆగుతారు. గదిలో ఉండే ఇద్దరూ ఒకరి పుల్లలు ఒకరు తీయాలి, అది కూడా శిక్షణలో భాగమే. అందుకని ఇవాళ ఖాళీగా ఉన్న యంత్రం దగ్గరికి వెళ్ళి సమ్మి, నేను సాధన చేశాం, పంటిని గీకకుండా పుల్ల పైపైన ఆనించి.

సమ్మిది ముందు పెట్టాం. "ఏకవ్యక్తి" అంది బిళ్ళ.

"పిల్లిది కాదుగా, సంతోషం" అంది సమ్మి.

తర్వాత నాది. యంత్రం చాలాసేపు తీసుకుంది. బిళ్ళ ఎప్పటిలాగే తొణక్కుండా చెప్పింది: "ఈ దంతము మీది కాదు. ఇది మీ సోదరిది."

సమ్మి నా వైపు చూసింది. "నీకు చెల్లె ఉన్నదా?"

"లేదు. అక్క ఉండేది."

రోజు 56

మా అక్క పేరు నీరజ. నాకు రెండేళ్ళప్పుడు పోయింది. ఆరున్నరేళ్ళ పిల్ల. నాకేమీ గుర్తులేదు. ఒక్క ఫోటో ఉండేది, పాత ఇంటితో పాటు అదీ సముద్రంలోకి పోయింది.

జావ తాగలేకపోయాను.

రోజు 58

రెండు రోజులు కాల్ చేయకుండా ఉన్నాను. ఇవాళ చేశాను.

"అమ్మా, అది అక్క పన్నా?"

అమ్మ వెనక నీళ్ళలోకి గాలి కొట్టే మోటార్ల చప్పుడు. ఎవరో పెద్దగా లెక్కపెడుతున్నారు. అమ్మ అక్కణ్ణుంచి లేచి బయటికొచ్చినట్టుంది, చప్పుడు దూరమైంది.

"నీ పళ్ళన్నీ కప్పు మీదికి విసిరేసేనే. ఒక్కటి మిగల్లేదు. ఆ ఇల్లే లేదిప్పుడు, పెంకులు ఏరుకుందామన్నా."

"మరి అక్కది ఎందుకు విసరలేదు?"

"ఆస్పత్రిలో ఊడిందే, ముందుపన్ను. కాకినాడలో. అయిదో అంతస్తులో వేసేరు మమ్మల్ని. పైన ఇంకా నాలుగున్నాయి. కప్పెక్కడుందే విసరడానికి? అది ఒకటే గోల, కొత్త పన్ను రాదేమోనని. ఇంటికెళ్ళేక నువ్వే విసురుదువుగానిలే అని చెప్పి కొంగున ముడేసేను. సరేనంది." మోటార్ల చప్పుడు ఇంకా దూరమైంది. "ఇంటికొచ్చేం. కొంగున పన్నుంది."

నా చెయ్యి దవడ మీదికి వెళ్ళింది.

"నీ రక్తం అదీ తీసి చూసేరు అప్పుడు. రెండేళ్ళ పిల్లవి, నిన్ను పట్టుకోడానికి నలుగురు కావలసొచ్చింది. దానికి నీ మూలుగ సరిపోద్దేమోనని. సరిపోలేదన్నారు. అప్పుడు నీది దానికి సరిపోలేదు. ఇప్పుడు దానిది నీకు సరిపోద్దేమో అనుకున్నానే. ఒక కడుపునే పుట్టేరు కదా."

"నాతో చెప్పుంటే..."

"చెప్తే తీసుకునేదానివా?"

ఇదంతా ఇక్కడ రాయకూడదు. లాగ్‌బుక్కు తెరిచిన రోజు నా పని అయిపోతుంది. కానీ ఇవాళ్టి గీత ఎలా పడుతుందో నాకు తెలుసు. రాశాను. ఏడ్చాను, అది కూడా రాశాను.

రోజు 60

నియమాల పుస్తకం మొత్తం చదివాను. పరాయి దంతం అని తేలితే దాన్ని తీసి నాశనం చేస్తారు, అభ్యర్థి మళ్ళీ ఎప్పుడూ దరఖాస్తు చేయకూడదు. నాకు నేనుగా చెప్పినా అంతే. ఎవరికీ తెలియకపోతే నూట ఇరవయ్యో రోజున నేనే కోసి, గీతలు చూపించి, సీటు తెచ్చుకుంటాను. అప్పుడు చూపించడానికి ఇంకో లాగ్‌బుక్కు రాసుకోవాలి, అంతే.

అంటే ఎలా అయినా పన్ను మిగలదు. మిగిలేదో పోయేదో సీటు ఒక్కటే.

చిగురు వాపుకిచ్చే మందులు పెంచారు. చిగురు ఇంకా దాన్ని బయటికి తోస్తూనే ఉంది. జావ తాగేటప్పుడు నాకు తెలియకుండానే కుడివైపుకి మింగుతున్నాను. దవడ మీద చెయ్యి వేసుకుని పడుకుంటున్నాను.

రోజు 74

సమ్మికి మొత్తం చెప్పాను. కథ అయ్యేదాకా తన జడ కొస పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి తలుపు గడియ పెట్టింది.

"ఆ రోజు నీ పుల్లలు తీసేది నేనే గద."

"అయితే?"

"రెండు పుల్లలు చిగురుకే రాస్త. పంటిని ముట్టనే ముట్ట. ఏకవ్యక్తి అంటది మిషిను. ఎవ్వనికెరుక?"

"తెలిస్తే నిన్ను కూడా పంపేస్తారు."

"తెలిస్తే గద. తెలివి నాకున్నది, తెలిసేటట్టు నేనెందుకు చేస్త?" నా పక్కన కూర్చుని భుజంతో తోసింది. "మీ అమ్మకు పైవరస మొలిపియ్యవా? నువ్వు పోతే నాతోటి గోంగూర వాసన ఎవ్వరు చూస్తరు?"

సరేనన్నాను. సరేనని రాస్తున్నాను.

రోజు 83

నేను పెరిగింది అక్క బట్టల్లో. మొదట గౌన్లు, తర్వాత లంగాలు కత్తిరించి కుట్టినవి. బడికి అక్క పలక, అక్క సంచి. సంచి లోపలివైపు బాల్‌పెన్నుతో దిద్దిన అక్క పేరు ఉండేది, అమ్మ దాని మీద నా పేరు కుట్టింది. చెవులకి అక్క పోగులు. పక్కింటావిడ నన్ను చాలా ఏళ్ళు నీరజా అనే పిలిచేది, అమ్మ సరిదిద్దేది కాదు. నేనూ పలికేదాన్ని.

పదేళ్ళ పిల్లనై ఉండగా ఒకసారి, "నాకంటూ ఒక్కటి కూడా కొనవు" అని అమ్మతో పోట్లాడాను. అమ్మ ఏమీ అనకుండా బజారుకి తీసుకెళ్ళి ఎర్ర రిబ్బను కొనిపెట్టింది.

ఈ వారం అంతా తిరిగి తిరిగి ఇదే గుర్తొస్తోంది. అక్కకంటూ మిగిలింది ఏదీ లేదు, నా నోట్లో ఉన్నది తప్ప.

రోజు 90

పెద్ద హాలు. ముప్పై ఎనిమిది మందిమి, పందొమ్మిది బల్లలు. ఇర్మా బల్లల మధ్య తిరుగుతోంది. ముందు పత్రం నింపాలి, తర్వాత పుల్లలు.

పత్రం మీద రెండే గళ్ళు. అభ్యర్థి పేరు. దంతము ఎవరిదో వారి పేరు.

సమ్మి చేతికి తొడుగు వేసుకుని రెండు పుల్లలు పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. మొదటి గడిలో వారిజ అని రాశాను. రెండో గడిలో కూడా అదే రాయాలి. బడిసంచి మీద అమ్మ కుట్టిన పేరులాగే, దిద్దిన పేరు మీద ఇంకో పేరు. కలం ఆగింది. వెనక బల్లల దగ్గర అందరూ రాసేసి నోళ్ళు తెరుస్తున్నారు.

రెండో గడిలో నీరజ అని రాశాను.

సమ్మి తలకిందులుగా చదివింది. "ఏం రాసినవే?" "కొట్టెయ్. ఇంకో కాయితం తీస్కో. నేను తెస్త."

"వద్దు సమ్మీ."

"పిచ్చిలేసిందా నీకు? మీ అమ్మ?"

"నోరు తెరుస్తున్నాను. తియ్యి."

సమ్మి పత్రం వంక ఇంకోసారి చూసింది. తర్వాత ఒక పుల్ల చిగురుకి రాసింది. రెండోది పంటి మీద పెట్టింది, అయిదో గుట్ట మీద, చాలా మెల్లిగా, నిద్రపోతున్న వాళ్ళని ముట్టుకున్నట్టు. "రాసినవు గద. అయితే సరిగ్గనే తీస్త" అంది. చెంపల మీది నీళ్ళు తుడుచుకోవడానికి దానికి చేతులు ఖాళీ లేవు.

ఇర్మా పత్రం తీసుకుంది. రెండు పేర్లూ చూసింది. నీరజ ఎవరని అడిగింది. చెప్పాను. ఎంత వయసని అడిగింది. అదీ చెప్పాను. చాలాసేపటికి ఏదో అంది. బిళ్ళ కూడా చాలాసేపటికి చెప్పింది: "ఆరేండ్ల దంతము. ఆరవ యేట రావలసిన దంతము." అప్పుడు తట్టింది నాకు. ఆ దవడలో ఆ చోట వచ్చే దంతం ఎవరికైనా ఆరో ఏటే వస్తుంది. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. అక్క ఎదురుచూసింది కొత్త ముందుపన్ను కోసం. దానితో పాటే రావలసింది ఇది.

రోజు 91

అమ్మ ఇంతగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"పోయినదాని కోసం ఉన్నది పోగొట్టుకుంటారంటే? ఒక్క పేరు కోసం? కాయితం మీద పేరు కోసం?"

"దానివన్నీ నేనే వాడుకున్నానమ్మా. ఇది ఒక్కటీ..."

"అది నీకు తెలుసంటే? అదెలాంటిదో నీకు తెలుసా?" అమ్మ అరవడం ఆపింది. "ఆస్పత్రి మంచం మీద బిస్కట్టు ఇస్తే సగం నీకోసం దిండు కింద పెట్టేది. చీమలు పట్టేసేయి. నువ్వడిగుంటే ఇచ్చేసేదే అది. పన్నే కాదు, ఏదడిగినా ఇచ్చేసేది. నువ్వడక్కుండానే ఇచ్చేసేది."

కాల్ పెట్టేసింది.

ఇది నేను ఆలోచించలేదు. పత్రం మీద పేరు రాస్తున్నప్పుడు అక్క కోసం ఏదో చేస్తున్నాననుకున్నాను. నాకు అక్క తెలియదు. తెలిసిన మనిషి ఒక్కరే. ఆ మనిషి ఆఖరిది కూడా దూదిలో చుట్టి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని తిరిగి రాసేశాను, ఎవరికి ఇచ్చినట్టో తెలియకుండా.

రోజు 92

ఈ లాగ్‌బుక్కు ఇక అక్కర్లేదన్నారు. ఎల్లుండి ఓడ. రాయడం మానలేకపోతున్నాను.

పొద్దున పన్ను తీశారు. నొప్పి లేదు. చిగురు ఎప్పటినుంచో వదిలేద్దామని చూస్తోంది కదా, ఇట్టే వచ్చేసింది. ఇర్మా దాన్ని గాజు పళ్ళెంలో పెట్టింది. లాలాజలంతో మెరుస్తోంది. ఎక్కడా మచ్చ లేదు. నా అంత శ్రద్ధగా ఎవరూ పెంచలేదని నాకు తెలుసు. సమ్మి తప్ప ఆ నలభై రెండు మందిలో ఎవరూ పులుపు వాసన దగ్గరే ఆగి ఉండరు.

ఇంటికి తీసుకెళ్ళనిస్తారా అని అడిగాను. ఇర్మా తల అడ్డంగా ఊపింది. మంట పెట్టే యంత్రం ఆ గది చివరనే ఉంది, ఎర్రదీపం వెలుగుతూ. ఇర్మా దాని వైపు చూసింది, పళ్ళెం వైపు చూసింది, నా వైపు చూసింది. బిళ్ళ చెప్పింది: "నాశనము చేయవలెనని నియమము. కోయుట కూడ నాశనమే." రేపు పొద్దున కోతగది ఖాళీగా ఉంటుందని కూడా చెప్పింది.

గదికి వచ్చేసరికి సమ్మి గోంగూర సీసా నా మంచం మీద పెట్టింది. మూత తీసి ఉంది. "తిను. ఇగ నీకు అడ్డులేదు" అంది. చెంచాతో తిన్నాను, అన్నం లేకుండా. కుట్టు మీద భగ్గుమంది. సమ్మి ఎదురుగా కూర్చుని నేను తినడం చూస్తూ జావ తాగింది. నాలుక మాటిమాటికీ ఆ ఖాళీలోకి వెళుతోంది.

రోజు 93

కోత యంత్రం రంపం దారమంత సన్నం. పన్నుని మైనంలో కూర్చోబెట్టి నిలువుగా కోశాను. కాగితం కన్నా పలచగా ఒక్క ముక్క తీయాలి. మూడు తీశాను, మూడోది బాగా వచ్చింది. మంచి చెయ్యి అని ఇర్మా బిళ్ళ ద్వారా కాకుండా తన భాషలోనే అంది, ఆ రెండు మాటలూ ఇన్నాళ్ళలో నాకు వచ్చేశాయి.

ముక్కని గాజుపలక మీద పెట్టి కన్ను ఆనించాను. లేత గోధుమరంగు. ఒకదాని పక్కన ఒకటి గీతలు, ఇసుక మీద అల వెనక్కి వెళ్ళినప్పటిలాగా. ఇర్మా బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అమ్మకి కాల్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది. మోటార్ల చప్పుడు లేదు, ఇంట్లో ఉన్నట్టుంది.

"కోశానమ్మా."

"ఊ."

"గీతలు కనిపిస్తున్నాయి. రోజుకొకటి. గట్టిపడిన రోజు నుంచి నిన్నటిదాకా. అది పెరిగిన రోజులు."

అమ్మ అడిగింది. "ఎన్ని?"

"డెబ్బై ఎనిమిది."

"రెండుసార్లు లెక్కపెట్టేవా?"

"ఒక్కసారే."

"ఒకళ్ళ లెక్క లెక్క కాదే. పైకి చదువు."

మొదటి గీత దగ్గరికి జరిపి ఒకటి అన్నాను. అమ్మ అక్కడ ఒకటి అంది. రెండు. మూడు. హేచరీలో పళ్ళెం ముందు కూర్చున్నట్టే, తొందర లేకుండా, ఒకరి మాట మీద ఒకరు పడకుండా. పది దాటాక అమ్మ గొంతు కుదురుకుంది. ఇరవై అయిదు నుంచి మూడు గీతలు బూడిదరంగులో ఉన్నాయి, చిగురు సలిపిన రోజులవి, చదువుకుంటూ దాటేశాను. ముప్పై దగ్గర దగ్గింది, ఆగలేదు.

నలభై నాలుగు దగ్గర నేను ఆగాను.

"ఏం?"

"ఇది నల్లగా ఉంది."

"ఏ రోజది?"

"నువ్వు నాకు చెప్పిన రోజు."

అమ్మ ఊపిరి వినిపించింది. "దానికి నొప్పెట్టిందంటావా?"

"నాకు పెట్టిందమ్మా. దానికి లేదు. అది మామూలుగానే పెరిగింది."

"నలభై అయిదు" అంది అమ్మ.

నలభై అయిదు అన్నాను. అరవై. డెబ్బై. చివర్లో గీతలు ఇరుకైపోయాయి, ఒక్కోదాన్నీ వేరుచేసి చదవాల్సొచ్చింది. డెబ్బై ఏడు. డెబ్బై ఎనిమిది.

"సరిపోయింది" అన్నాను.

"అంచున ఇంకోటి ఉందేమో చూడు."

"లేదమ్మా."

"సరిగ్గా చూడవే."

మళ్ళీ కన్ను ఆనించాను. ఆఖరి గీత తర్వాత అంచు, అంచు తర్వాత తెల్లటి వెలుతురు. అమ్మ కాల్ పెట్టెయ్యలేదు. నేను చూస్తూనే ఉన్నాను.